నిమ్మకాయల మీద ఆగిన కారు

బ్రహ్మచారి అని పేరు పెట్టుకుని పెళ్లి చేసుకున్నందుకు మా ఆయన జీవితమంతా మాటలు పడ్డాడు. షాపుకు కొత్తగా వచ్చిన గిరాకీ ఎవరైనా ఆ ఒక్క పరాచికం ఆడకుండా పోయేవాడు కాదు. "అయితే ఇంట్ల ఉన్నామె ఎవరు చారీ?" అని అడిగితే, ఆయన బానెట్‌లోంచి తల ఎత్తకుండానే "మా ఓనరు" అనేవాడు. ఎప్పుడూ అదే జవాబు. కొత్త మాట వెతికే ఓపిక ఆయనకు లేదు. ఓపికంతా వైర్ల దగ్గరే ఖర్చయిపోయేది.

ఆయన పని కార్ల వైరింగు. రాణిగంజ్ వెనక, మోటారు సామాన్ల దుకాణాలు రెండు వైపులా ఉన్న ఒక గల్లీలో రేకుల షెడ్డు ఉండేది. మా మామగారు బంగారం పని చేసినవారు. నగల దుకాణాలు అద్దాల మేడలైపోయాక చేతిపనికి గిరాకీ తగ్గి, కొడుకును మోటారు పనిలో పెట్టారు. కానీ చేతులు మారలేదు. రెండు వైర్లు కలపాలంటే ఈయన తొక్క ఒలిచి, రాగి పోగుల్ని ఒకదానిలో ఒకటి జడలా అల్లి, సీసం కరిగించి పోసి, పైన గొట్టం తొడిగేవాడు. అందరూ మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తే ఈయనకు ఒళ్లు మండేది. "టేపంటే కండ్లకు గంతలు కట్టుడే. లోపల ఏమున్నదో కనబడకుండ చేస్తది, గంతే" అనేవాడు.

నేను పద్మారావు నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. లాలాగూడలో, రైల్వే వర్క్‌షాపు గోడకు దగ్గర్లో, ముందు కాస్త ఖాళీ జాగా ఉన్న చిన్న ఇల్లు మాది. సాయంత్రం నేను పిల్లల జవాబు పేపర్లు దిద్దుతుంటే, ఆయన ఎదురుగా కూర్చుని ఏదో రిలే విప్పి మీటరు పెట్టి చూస్తుండేవాడు. నేను నవ్వితే "ఏం రాసిండ్రు, చదువు" అనేవాడు. చదివితే ఆయనా నవ్వేవాడు. మా కాపురంలో ఎక్కువ భాగం అలా గడిచింది. పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఇక్కడ రాయదలచుకోలేదు. రాయదలచింది వేరే.

ఓంప్రకాశ్ ఆ గల్లీలోకి వచ్చినప్పుడు అతనికి దుకాణం లేదు. స్టిక్కర్లు, కార్లలో వేలాడదీసే అత్తరు సీసాలు మడత మంచం మీద పరిచి అమ్మేవాడు. వానాకాలం సరుకు తడుస్తోందని మా ఆయనే షెడ్డు ముందు భాగం ఇచ్చాడు. ప్రతి మాటకు ముందు అన్నా, వెనక అన్నా. మా ఇంట్లో భోజనం చేసినప్పుడల్లా "వదినా, నీ చేతి పచ్చిపులుసు తిన్నాక మా ఇంట్ల బువ్వ దిగది" అనేవాడు. నేను మళ్లీ వడ్డించేదాన్ని. చూస్తుండగానే ఎదురుగా అద్దాల షాపు పెట్టాడు. రంగు లైట్లు, పాట పాడే హారన్లు, స్పీకర్లు. పనివాళ్లను పెట్టుకున్నా పెద్ద గిరాకీలకు తనే కూర్చుని బిగించేవాడు.

అతని పనిలో ఒక అలవాటు ఉండేది. ఏది బిగించినా కరెంటు మాత్రం హారన్ వైరు మీద నుంచే లాగేవాడు. అది చేతికి దగ్గరగా దొరుకుతుంది, అందులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. లైట్లూ దాని మీదే, స్పీకర్లూ దాని మీదే. ఫ్యూజు ఉండదు. పైన ఎర్ర టేపు. మా ఆయన చూసి ఊరుకునేవాడు కాదు.

"ఓంప్రకాశ్, గా హారన్ వైరు గింత సన్నగున్నది. దానికి గంతమంది పిల్లల్ని కట్టబెడితే సాకుతదారా?"

"ఇప్పటిదాంక సాకుతనే ఉన్నది గదన్నా."

మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డల వ్యాపారం చేసే కామరాజుగారికి ఒక వేను ఉండేది. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఆ వేను పాతబడితే మా ఆయన మొత్తం వైరింగు మార్చి ఇచ్చాడు. తర్వాత వాళ్లింట్లో ఏదో శుభకార్యం ఉందని, కామరాజుగారి డ్రైవరు వేనును తీసుకెళ్లి ఓంప్రకాశ్ దగ్గర ముందు లైట్లు, పాట హారను పెట్టించుకున్నాడు. కొన్నాళ్లకు పొద్దున్నే, మార్కెట్ రద్దీలో, ఉల్లి బస్తాలతో నిండుగా ఉన్న ఆ వేను ముందు భాగం నుంచి అంటుకుని మొత్తం కాలిపోయింది. తలుపు లాగబోయి కామరాజుగారి కుడి అరచెయ్యి కాలింది.

చేతికి కట్టుతో ఆయన మొదట వెళ్లింది ఓంప్రకాశ్ దగ్గరికే. అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదట.

"నేను లైట్లు అమ్మిన, గంతే సేట్. బిగించింది చారన్న. వైరింగ్ మొత్తం ఆయనదేనాయె."

కామరాజుగారు గల్లీ దాటి వచ్చారు. కుడి చెయ్యి లేవదు గనక ఎడమ చేత్తో మా ఆయన చెంప మీద కొట్టారు. గల్లీ అంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. "నేను బిగించలే" అని మా ఆయన అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అప్పటికే వేను తుక్కుకింద వెళ్లిపోయింది, దాన్ని నడిపిన డ్రైవరు భయపడి ఊరు విడిచిపోయాడు. కాలిన వైర్ల మీద ఎర్ర టేపు ఉందో లేదో చూపించడానికి ఏమీ మిగల్లేదు.

ఆ రోజు నుంచి ఆయన పేరు మంటల చారి.

గిరాకీలు ఒక్కొక్కరూ తగ్గిపోయారు. కొత్త కారు తెచ్చి షెడ్డు ముందు ఆపితే, పక్కవాడెవడో వెళ్లి చెవిలో ఊదేవాడు. కారు ముందుకు కదిలిపోయేది. బడిలో ఒక పిల్లవాడి తల్లి నన్ను అడిగింది: "మేడం, వేను కాల్చిన మెకానిక్ మీ సారేనటగా?" ఆయన మాత్రం రోజూ పొద్దున్నే వెళ్లి షట్టర్ ఎత్తి, పని లేకపోయినా సాయంత్రం దాకా కూర్చుని వచ్చేవాడు.

"వేరేచోట పెట్టుకోరాదూ?" అన్నాను.

"నేను లేసిపోతే, తప్పు చేసినోడు పోయిండు అంటరు."

క్షమాగుణం మీద నేను ఏటా పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. సొంత మాటల్లో రాయమని ప్రశ్న కూడా ఇచ్చేదాన్ని. ఇంటికొచ్చి అన్నం వండుతూ ఓంప్రకాశ్ ఎలా నాశనం కావాలో ఆలోచించేదాన్ని. నా ఆలోచనలు చాలా దూరం పోయేవి. అతని అద్దాల షాపు పగలాలి, గిరాకీలు తిరగబడాలి, అతని భార్య నాగజ్యోతి బస్తీలో తలెత్తుకోలేకపోవాలి. మా ఆయనకు ఇవేవీ అక్కర్లేదు. ఆయనకు ఒక్కటే కావాలి.

"వాడు వాని నోటితోని చెప్పాలె. గా గల్లీలనే. గంతమంది ముందటనే. నేను బిగించిన, చారి బిగించలేదు అనాలె. గంతే. తర్వాత వాడు బతికితే బతకనీ."

ఆ కోరికతోనే ఆయన లేచేవాడు, తినేవాడు, పడుకునేవాడు. నేనూ అంతే. పగ మా ఇంట్లో మూడో మనిషిలా ఉండేది.

ఓంప్రకాశ్ గల్లీ దుకాణదార్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ ఏడు దసరాకు ముందు తనే మా షెడ్డుకు వచ్చాడు. వెనక అతని తండ్రి వాడిన పాత పద్మిని కారు. తెల్లగా, కొత్తగా రంగు వేయించి ఉంది.

"చారన్నా, జెర మా బాపు బండి చూస్తవా?"

"ఏమైంది?"

"తాళంచెవి వద్దన్నా దీనికి. కొత్త బండ్లకు ఉంటది చూడు, బటన్ వొత్తంగనే షురూ అయితది. గట్ల గావాలె. దసరా నాడు పూజ కాంగనే అందరి ముందట వొత్తాలె. తాళం పొక్క సుత కనబడొద్దు."

"మీ పోరగాండ్లు లేరా?"

"వాండ్లకు కొత్త బండ్లే తెలుసు. కిట్టు తెప్పించి బిగించిండ్రు. ఒకసారేమో స్టార్టర్ తిరుగుడు ఆపదు, ఒకసారేమో పొగొచ్చింది."

"పొగొస్తే నా దగ్గరికి తెచ్చినవా? నేను మంటల చారిని గద."

ఓంప్రకాశ్ నవ్వేశాడట. "అరె, పాత ముచ్చట్లు ఎందుకే అన్నా. నీ అసొంటి చెయ్యి ఈ గల్లీల ఎవనికున్నది చెప్పు."

ఇంటికొచ్చి ఆ మాటలన్నీ నాకు చెప్పాడు. "తగలబెట్టు ఆ కారును" అన్నాను.

"తగలబెడితే వాడు చెప్పింది నిజమైతది సుకన్యా."

మరుసటి ఆదివారం నన్ను షెడ్డుకు తీసుకెళ్లాడు. గల్లీకి సెలవు. పద్మిని డాష్‌బోర్డు విప్పి ఉంది. టార్చి వేసి చూపించాడు. హారన్ వైరు మీద వరసగా అతుకులు, ప్రతి అతుకు మీదా ఎర్ర టేపు. సొంత తండ్రి కారుకు కూడా అదే పని. "చూసినవా? వాని దస్తూరి ఇది" అన్నాడు. ఆయన ముఖంలో చాలా కాలానికి వెలుగు కనబడింది. అది మంచి వెలుగు కాదు. అయినా నాకు నచ్చింది.

ఆ పని ఎలా చేశాడో ఆయన నాకు చెబుతూ చేశాడు కాబట్టి చెప్పగలను. పాత కారులో తాళంచెవి తిప్పినప్పుడు మొదటి మెట్టులో కరెంటు వస్తుంది, రెండో మెట్టులో స్టార్టర్ తిరుగుతుంది, చెయ్యి వదలగానే వెనక్కి వస్తుంది. ఆ మూడు పనులనూ ఇప్పుడు ఒక చిన్న డబ్బా, కరెంటును కలిపి విడదీసే కొన్ని రిలేలు కలిసి చెయ్యాలి. ఇంజను అందుకోగానే స్టార్టర్‌ను వదిలెయ్యాలి. అది వదలకపోవడమే ఓంప్రకాశ్ పనివాళ్లకు ఎదురైన బాధ. ఇంకొకటి, డ్రైవరు కాలు బ్రేకు మీద ఉంటేనే బటన్ పని చెయ్యాలి. అందుకు బ్రేకు లైటు వైరు నుంచి ఒక తీగ డబ్బాలోకి వెళుతుంది. హారన్ వైరు మీది సంతానాన్నంతా పీకేసి, దేనికి దానికి విడిగా కరెంటు, విడిగా ఫ్యూజు ఇచ్చాడు. ప్రతి అతుకూ అల్లి సీసం పోశాడు. అంత శుభ్రమైన పని ఆయన సొంతవాళ్లకు కూడా చేసిపెట్టి ఉండడు. పగవాడి బండి గనక, రేపు అందులో ఏ చిన్న పొగ వచ్చినా తన మీదికే వస్తుంది గనక, అద్దంలా చేశాడు.

ఒక్క చోట మాత్రం తన కోసం చేసుకున్నాడు. ఆ గల్లీలో ఏ కారు వైరింగు చేసినా దొంగల కోసం ఎక్కడో ఒక చోర్ స్విచ్ దాచడం మామూలే. బండి అప్పగించేటప్పుడు ఆ చోటు యజమాని చెవిలో చెబుతారు. మా ఆయన బ్రేకు నుంచి వచ్చే ఆ తీగను డాష్‌బోర్డులోని యాష్‌ట్రే వెనక నుంచి తిప్పాడు. ఆ యాష్‌ట్రేను వేలితో గట్టిగా లోపలికంటా నొక్కితే తీగ తెగినట్టే. బటన్ వెలుగుతుంది, ఇంజను మాత్రం తిరగదు. కాస్త బయటికి లాగితే అంతా మామూలే. ఈ ఒక్క సంగతి ఓంప్రకాశ్‌కు చెప్పలేదు. కారు తీసుకెళ్లి అతను రెండు రోజులు ఊరంతా తిరిగి, దారిలో కనిపించిన ప్రతివాడికీ బటన్ వొత్తి చూపించాడు.

"దసరా నాడు ఎవరు నొక్కుతరు దాన్ని?" అని అడిగాను.

"నేను బండి దగ్గరికి పోతే అనుమానం వస్తది."

"బొట్టు పెట్టేది ఆడోళ్లే గదా" అన్నాను నేను.

యాష్‌ట్రేను టక్కుమని చప్పుడు వచ్చేదాకా నొక్కాలని ఆయన నాకు చెప్పిపెట్టాడు.

మోటారు పని చేసేవాళ్లకు దసరా ఏమిటో బయటివాళ్లకు అంతగా తెలియదు. పొద్దున్నే గల్లీలోని పానాలు, స్క్రూడ్రైవర్లు, జాకీలు, మీటర్లు అన్నీ కడిగి, ఎర్ర గుడ్డ మీద పేర్చి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. పూజలో కూర్చున్న పనిముట్టును మర్నాటి దాకా ఎవరూ ముట్టరు. ప్రాణం మీదికొచ్చినా ఆ రోజు పానా పట్టరు. ఇక బండ్లను వరసగా నిలబెట్టి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడతారు. హారతి అయ్యాక బండి తన శక్తితో వాటిని తొక్కుకుంటూ ముందుకు పోవాలి. మనుషులు తొయ్యకూడదు. వెనక్కి తియ్యకూడదు. నిమ్మకాయను తీసి పక్కన పెట్టకూడదు. అలా జరిగితే ఏడాదంతా ఆ ఇంటికి కలిసిరాదని గల్లీలో అందరికీ గట్టి నమ్మకం. అందరికన్నా ఓంప్రకాశ్‌కు ఎక్కువ.

ఆ రోజు నేను పట్టుచీర కట్టుకున్నాను. మా ఆయన వేసుకున్న చొక్కా రంగు గుర్తు చేసుకోవాలని ఈ మధ్య చాలాసార్లు ప్రయత్నించాను. గుర్తు రావడం లేదు. నేనూ నాగజ్యోతీ కలిసి బండ్లన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ వచ్చాం. పద్మినిలో నేనే ఎక్కి కూర్చున్నాను. స్టీరింగుకు పెట్టాను. బటన్‌కు పెట్టాను.

"బటన్‌కు సుత పెట్టినవా వదినా?" అంది నాగజ్యోతి బయటి నుంచి.

"పెట్టిన" అని, యాష్‌ట్రే మీద కూడా కుంకుమ అద్ది, బొటనవేలితో బలంగా నొక్కాను. టక్కుమంది. ఆ చప్పుడు నాకు హారతి గంట కన్నా స్పష్టంగా వినపడింది.

గుమ్మడికాయ కొట్టారు. అధ్యక్షుడి బండి ముందు కదలాలి. ఓంప్రకాశ్ మెడలో బంతిపూల దండతో ఎక్కి కూర్చున్నాడు. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి. బ్రేకు తొక్కి, వేలు చాపి, ఫోన్ల వైపు చూసి నవ్వి, బటన్ వొత్తాడు. బటన్ ఎర్రగా వెలిగింది. అంతే.

మళ్లీ వొత్తాడు.

"అన్నా, ఛార్జింగ్ పెట్టినవా?" అన్నాడు సీటు కవర్లు కుట్టే ఆషర్. అందరూ గొల్లుమన్నారు.

"లిఫ్ట్ అనుకుంటున్నడు, ఏ ఫ్లోరో చెప్పు ఓంప్రకాశన్నా!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. పనివాడొకడు పరుగున వెళ్లి ఎర్ర గుడ్డ మీది స్క్రూడ్రైవరు అందుకోబోతే నలుగురు ఒకేసారి అరిచారు. వాడు చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. ఎవడో కారు వెనక చెయ్యి వేస్తే నాగజ్యోతి కేక పెట్టింది: "తొయ్యొద్దు! నిమ్మకాయలున్నయ్, తొయ్యొద్దు!" వెనక వరసలో బండ్లన్నీ ఆగి ఉన్నాయి. ముందుది కదలనిదే ఏదీ కదలడానికి లేదు. అప్పుడు అందరూ మా ఆయన వైపు తిరిగారు.

ఆయన నెమ్మదిగా నడిచి వెళ్లి కారు కిటికీ దగ్గర వంగాడు. నేను పక్కనే ఉన్నాను.

"పానా అక్కెర్లేదు ఓంప్రకాశ్. చేత్తోని అయ్యేదే. నేను చేస్త. నువ్వు ముందుగల్ల ఒక ముచ్చట చెప్పు."

"ఏం ముచ్చట?"

"కామరాజు సేటు వేనుకు లైట్లు బిగించిందెవరు?"

ఓంప్రకాశ్‌కు అర్థమైంది. అర్థమైన క్షణం నేను చూశాను. అతని వేలు ఇంకా బటన్ మీదే ఉంది.

"అన్నా, పండుగ పూట గిదేంది?" గొంతు తగ్గించాడు. "మనం మనం ఇంట్ల మాట్లాడుకుందాం అన్నా. నీ కాళ్లు మొక్కుత."

"నన్ను ఇంట్ల కొట్టలేదురా. ఈడనే కొట్టిండ్రు."

నాగజ్యోతి నిమ్మకాయల వైపు చూస్తూ ఏడుపు మొదలుపెట్టింది. "చెప్పరాదు, ఏదో ఒకటి చెప్పరాదు!" అంటోంది. ఆమె మీద నాకు ఆ రోజు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగలేదు.

"నేనే" అన్నాడు ఓంప్రకాశ్.

"ఏం నువ్వే? ఆఖరు దుకాణం దాంక ఇనబడాలె."

"నేనే బిగించిన!" అని అరిచాడు. "హారన్ వైరు మీదనే ఇచ్చిన. ఫ్యూజు పెట్టలే. మంట చారన్నది కాదు. సాలునా?"

నేను ఒక్కొక్క ముఖమూ చూస్తున్నాను. వాళ్లు ఆశ్చర్యపోతారని, అయ్యో ఇన్నాళ్లూ ఇతన్ని ఎంత మాటన్నామని తలలు పట్టుకుంటారని, ఓంప్రకాశ్ మీద విరుచుకుపడతారని ఎదురుచూశాను. ఎన్నాళ్ల నుంచో ఆ దృశ్యాన్నే మనసులో వేసుకుని చూస్తున్నదాన్ని.

స్పేరు పార్టుల సత్యదేవ్ ముందుకొచ్చాడు. కాకినాడ వైపు మనిషి, నెమ్మదస్తుడు. "అబ్బ, పండగ పూట ఈ రాద్ధాంతం ఎందుకండీ చారిగారూ? ఆ లైట్లు పెట్టింది ఓంప్రకాశేనని మాకు తెలియదా ఏంటి? నా కొట్టు ముందేగా పెట్టాడు. అయిపోయిందేదో అయిపోయింది, బండి కదల్చండి."

నేను ఆషర్ వైపు చూశాను. అతను తల దించుకున్నాడు. "మాకు సుత ఎరుకేనే అన్నా. వానితోని లొల్లి ఎందుకని..." అన్నాడు. ఇంకెవరో "గదే గద" అన్నారు. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. హారతి పళ్లెంలో కర్పూరం కొండెక్కుతోందని మాత్రమే వాళ్ల తొందర.

కామరాజుగారు కొట్టిన రోజు మా ఆయన ముఖం నేను చూడలేదు. కానీ సత్యదేవ్ మాట విన్నప్పుడు చూశాను. దెబ్బ అప్పుడు తగిలింది. ఒక్కడి మీద పెట్టుకున్న పగ ఆయన కళ్లలోనే దుకాణం తర్వాత దుకాణం దాటుకుంటూ గల్లీ చివరిదాకా పోవడం నాకు తెలిసింది.

కిటికీలోంచి చెయ్యి పెట్టి యాష్‌ట్రే బయటికి లాగాడు. "వొత్తు" అన్నాడు. ఇంజను ఒక్క వొత్తుకే అందుకుంది. నిమ్మకాయలు చితికాయి. అందరూ చప్పట్లు కొట్టారు. కారుకు.

మర్నాడు పొద్దున తన పనిముట్లు తెచ్చుకుని షెడ్డు ఖాళీ చేశాడు. లాలాగూడలో మా ఇంటి ముందు జాగాలోనే రేకు వేసుకుని పని మొదలుపెట్టాడు. గల్లీవాళ్లు రారని నేననుకున్నాను. వచ్చారు. ఓంప్రకాశ్ బటన్ ఊళ్లో పేరు తెచ్చుకుంది. పాత కార్లకు అలా అద్దంలా చేసేవాళ్లు వేరే దొరకలేదు. గల్లీ దుకాణాలకు వచ్చిన గిరాకీలే ఆ పని కావాలని పట్టుబట్టేవారు. మొదట వచ్చినవాడు సత్యదేవే. బావమరిది అంబాసిడర్ తెచ్చి గేటు బయట హారన్ కొట్టాడు.

మా ఆయన గేటు తియ్యలేదు. లోపలి నుంచే అన్నాడు: "మంట చారిది కాదు, నాకు ఎరుకుండి సుత ఊకున్న అను. అన్నంక తెరుస్త."

"ఇదేం పెంకితనం అండీ? నేను మీకేం అపకారం చేశాను?"

"గదే అను."

సత్యదేవ్ తిరిగి వెళ్లిపోయాడు. బావమరిది ఊరుకోలేదేమో, కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. గేటు చువ్వలు పట్టుకుని, వీధిలో అటూ ఇటూ చూసి గొణిగాడు.

"పక్కింటోళ్లకు ఇనబడలే సత్యదేవ్ గారూ."

"మంట చారిది కాదు! నాకు తెలిసి కూడా ఊరుకున్నాను!"

గేటు తెరుచుకుంది. పని మాత్రం ఎప్పటిలాగే చేశాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఆషర్ వచ్చాడు, చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. కొందరు నవ్వుతూ చెప్పబోయారు. నవ్వు ఆపి మళ్లీ చెప్పమన్నాడు. కొందరు తిట్టుకుంటూ పోయారు. నేను పేపర్లు దిద్దడం ఆపి కిటికీ దగ్గరికి వెళ్లి వినేదాన్ని. ఎన్నిసార్లు విన్నా విసుగు రాలేదు. ఇంకా ఎవరెవరు మిగిలారో మేమిద్దరం రాత్రి భోజనాల దగ్గర చెప్పుకునేవాళ్లం.

కామరాజుగారు బండి లేకుండా నడిచి వచ్చారు. గేటు దగ్గర ఆగి, మచ్చపడిన అరచెయ్యి చూపిస్తూ ఏదో చెప్పబోయారు. మా ఆయన ఆ వాక్యం అడగలేదు. గేటు తీసి, కుర్చీ వేసి, నన్ను చాయ్ పెట్టమన్నాడు. "ఈయనకు తెల్వక కొట్టిండు. తెల్వనోని మీద నాకేం లేదు" అన్నాడు నాతో.

ఓంప్రకాశ్ మాత్రం ఎప్పుడూ రాలేదు.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం, బానెట్ మీద వంగిన మనిషి అలాగే వాలిపోయాడు. చేతిలో వైరు ఉంది. నేను బడి నుంచి వచ్చేసరికి ఒంట్లో వెచ్చదనం కూడా పూర్తిగా పోలేదు.

గల్లీ అంతా వచ్చింది. పూలదండలు పట్టుకుని గేటు ముందు గుమిగూడారు. నేను శవం దగ్గర నుంచి లేచి వెళ్లి గేటుకు అడ్డంగా నిలబడ్డాను. మా ఆడపడుచు సుమిత్ర వచ్చి భుజం పట్టుకు లాగింది. "వదినా, నువ్వు గిట్ల బయటికొచ్చి నిలబడొద్దు. అందరు చూస్తుండ్రు."

"చూడనీ" అన్నాను.

అంతకుముందు చెప్పినవాళ్లకు దారిచ్చాను. చెప్పనివాళ్లను అడిగాను. చావు ఇంటి ముందు ఇదేమిటని ఒకరిద్దరు దండలు గోడ మీద పెట్టి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు చెప్పి లోపలికి వచ్చారు. చివర్లో ఓంప్రకాశ్ వచ్చాడు. జుట్టు నెరిసింది. చేతిలో పెద్ద గులాబీల దండ.

"వదినా, జెర జరుగు. అన్నను చూడాలె."

"చెప్పు."

"ఆ రోజు అందరి ముందట చెప్పిన గద వదినా."

"ఆ రోజు కారు కోసం చెప్పినవు. ఇప్పుడు ఆయన కోసం చెప్పు."

అతను నా వెనక, ముంగిట్లో పడుకోబెట్టిన మనిషి వైపు చూశాడు. దండలోంచి రేకులు రాలుతున్నాయి. పెదవులు కదిలాయి.

"ఇనబడలే" అన్నాను.

వీధంతా వింటుండగా ఓంప్రకాశ్ గట్టిగా చెప్పాడు, మొదటి నుంచి చివరి దాకా, హారన్ వైరు సంగతి కూడా వదలకుండా. చెబుతున్నంతసేపూ నేను అతని నోటినే చూశాను. తర్వాత పక్కకు జరిగాను.